విశ్వవిద్యాలయ కొలువు: జీతం ఎక్కడి నుంచి వస్తుంది?

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలోని విశ్వవిద్యాలయాల్లో కొలువులు మూడు రకాల డబ్బుతో నడుస్తాయి. మొదటిది ప్రభుత్వం ఏటా ఇచ్చే గ్రాంటు. రెండోది విశ్వవిద్యాలయం ఫీజుల మీద సొంతంగా సంపాదించుకునే డబ్బు. మూడోది ఒక పరిశోధన కోసం బయటి సంస్థ ఇచ్చే ప్రాజెక్టు డబ్బు. చూడ్డానికి అందరూ ఒకే గేటులోంచి లోపలికి వెళ్తారు. ఒకే క్యాంటీన్‌లో టీ తాగుతారు. కానీ ఆ ఉద్యోగం ఎన్నాళ్లుంటుంది, ఎవరు ఎంపిక చేస్తారు, ఏ చదువు అడుగుతారు, ముందుకు దారి ఉందా లేదా అన్నవి మాత్రం డబ్బును బట్టే తేలతాయి. అందుకే పేపర్లో ప్రకటన కనపడగానే జీతం ఎంత అని చూసే ముందు, జీతం ఎక్కడి నుంచి వస్తుందని చూడాలి.

వంశధార కింద పొలమున్న రైతుకు ఈ లెక్క కొత్త కాదు. కాలువ నీరు ఆలస్యమైనా ఏటా వస్తుంది. కానీ ఎప్పుడు వదలాలో రైతు చేతిలో ఉండదు. ఊరి చెరువు నీరు ఊరి చేతిలోనే ఉంటుంది. అయితే వాన పడితేనే ఉంటుంది. కిరాయి ఇంజను ఉభాల వేళకు అడిగిన వెంటనే నీళ్లు పోస్తుంది. మాట్లాడుకున్న గంటలు కాగానే ఆగిపోతుంది. ప్రభుత్వ గ్రాంటు మీద నడిచే పోస్టు కాలువ నీరు. విశ్వవిద్యాలయం సొంత డబ్బుతో ఇచ్చేది చెరువు నీరు. ప్రాజెక్టు పోస్టు కిరాయి ఇంజను. దేన్నీ తీసిపారెయ్యక్కర్లేదు. ఏ నీటికి ఏ పంట వెయ్యాలో తెలిస్తే చాలు.

ముందు ఇక్కడున్న సంస్థల సంగతి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. చాలా ఏళ్లు ఉత్తరాంధ్రకంతటికీ అదే పెద్దదిక్కు. ఎచ్చెర్లలో 1977లో దాని పీజీ కేంద్రం మొదలైంది. ఆ కేంద్రమే 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం అయింది. విజయనగరంలో 2007లో వచ్చిన జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల 2022లో జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయంగా మారింది. ఎచ్చెర్ల దగ్గర ట్రిపుల్ ఐటీ ఉంది. విజయనగరం జిల్లాలో సెంచూరియన్ అనే ప్రైవేటు విశ్వవిద్యాలయం ఉంది. వీటికి తోడు కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం దీన్ని ఇస్తామంది. 2019లో పార్లమెంటు చట్టంతో అది ఏర్పడింది. కొండకరకంలోని పాత పీజీ ప్రాంగణంలో తరగతులు మొదలయ్యాయి. మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో శాశ్వత ప్రాంగణానికి 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. గిరిజన విశ్వవిద్యాలయానికి డబ్బు ఢిల్లీ నుంచి వస్తుంది. ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయానికి, జేఎన్‌టీయూ గురజాడకు రాష్ట్ర ప్రభుత్వం నుంచి వస్తుంది. కాబట్టి ఒకే ప్రాంతంలో ఉన్నా నియామకం పద్ధతి వేరు, బోధనేతర సిబ్బంది జీతాల స్కేలు వేరు, ప్రకటన వెలువడే చోటు కూడా వేరు. కేంద్ర సంస్థ పోస్టుకు దేశమంతటి నుంచీ పోటీ ఉంటుంది. గిరిజన విశ్వవిద్యాలయం మన పక్కనే ఉంది కదా, అందులో గుమస్తా ఉద్యోగం మనవాళ్లకే వస్తుందిలే అని అనుకోకూడదు. బీహారు నుంచీ, రాజస్థాన్ నుంచీ అభ్యర్థులు వస్తారు.

ఇప్పుడు మొదటి రకం డబ్బు. అంటే మంజూరైన శాశ్వత పోస్టులు. వీటిలో బోధన పోస్టులు అందరికీ తెలిసినవే. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం యూజీసీ ఏడో వేతన సంఘం స్కేలులో 57,700 రూపాయలతో మొదలవుతుంది. పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి. జాతీయ అర్హత పరీక్ష నెట్ గానీ, రాష్ట్ర స్థాయి సెట్ గానీ పాసై ఉండాలి. పీహెచ్‌డీ తప్పనిసరి అన్న నిబంధనను 2023లో యూజీసీ సడలించింది. అయినా ఇంటర్వ్యూ దాకా వెళ్లేవాళ్లలో పీహెచ్‌డీ ఉన్నవాళ్లే ఎక్కువ. ఆ డిగ్రీ లేకుండా పోటీలో నిలబడటం కష్టం.

కాలువ నీరు ఆలస్యమవుతుందని అనుకున్నాం కదా. 2023 చివర్లో రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 బోధన పోస్టులకు ప్రకటన వెలువడింది. అది కోర్టు వ్యాజ్యాల్లో చిక్కుకుంది. ఈలోగా ఎదురుచూసేవాళ్ల వయసు ఆగదు కదా. ఇలాంటి ప్రకటన ఒక్కదాన్నే నమ్ముకుని ఖాళీగా కూర్చోవడం ఎవరికీ మంచిది కాదు.

బోధనేతర పోస్టుల గురించి ఊళ్లలో తెలిసింది తక్కువ. విశ్వవిద్యాలయానికి ఉపకులపతి పెద్ద. ఆయన కింద రిజిస్ట్రార్. రికార్డులు, పాలకమండలి సమావేశాలు, సిబ్బంది వ్యవహారాలు రిజిస్ట్రార్ చేతిలో ఉంటాయి. లెక్కలు ఫైనాన్స్ ఆఫీసర్ చూస్తారు. పరీక్షలు కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ చూస్తారు. ఈ ముగ్గురి కిందా పెద్ద బలగం ఉంటుంది. డిప్యూటీ రిజిస్ట్రార్, అసిస్టెంట్ రిజిస్ట్రార్, సెక్షన్ సూపరింటెండెంట్, సీనియర్ అసిస్టెంట్, జూనియర్ అసిస్టెంట్. ఇది రాష్ట్ర సంస్థల వరస. కేంద్ర సంస్థల్లో పేర్లు కొంచెం మారతాయి. అక్కడ లోయర్ డివిజన్ క్లర్కు మూలవేతనం 19,900తో మొదలవుతుంది. సెక్షన్ ఆఫీసరుది 44,900తో. అసిస్టెంట్ రిజిస్ట్రార్‌ది 56,100తో. ఇవి మూలవేతనాలు మాత్రమే. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం వీటికి అదనం.

క్లర్కు పోస్టుకు మామూలుగా డిగ్రీ అడుగుతారు. ఇంగ్లీషు టైపింగు నిమిషానికి 35 మాటలు ఉండాలంటారు. డిగ్రీ పూర్తిచేసిన పిల్లలు మన దగ్గర వేలల్లో ఉన్నారు. ఆ వేగంతో తప్పుల్లేకుండా టైపు చేసేవాళ్లు ఎందరున్నారో చూడండి. రాత పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుని టైపింగు దగ్గర ఆగిపోవడం చాలామందికి జరుగుతుంది. రాజాంలోనో, బొబ్బిలిలోనో డిగ్రీ చదివే అమ్మాయి మూడో ఏడాది నుంచే రోజూ అరగంట కీబోర్డు మీద కూర్చుంటే ఈ అడ్డు తొలగిపోతుంది. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. అసిస్టెంట్ రిజిస్ట్రార్ పోస్టుకు పీజీలో 55 శాతం అడుగుతారు. ఎంఏ తెలుగు అయినా, ఎమ్మెస్సీ అయినా, ఎంకాం అయినా దరఖాస్తు చేసుకోవచ్చు. పీజీ అయ్యాక పాఠం చెప్పడం ఒక్కటే దారి అనుకునేవాళ్లు ఈ పోస్టు గురించి తెలుసుకోవాలి.

గ్రంథాలయం, ప్రయోగశాలలు కూడా ఈ కోవలోనివే. అసిస్టెంట్ లైబ్రేరియన్ పోస్టుకు లైబ్రరీ సైన్సులో పీజీ, నెట్ కావాలి. జీతం అసిస్టెంట్ ప్రొఫెసర్ స్కేలే. ల్యాబ్ అసిస్టెంటు పోస్టుకు ఆ సబ్జెక్టులో డిగ్రీ గానీ, డిప్లొమా గానీ అడుగుతారు.

రెండో రకం డబ్బు గురించి ఎక్కువ చెప్పుకోవలసింది లేదు. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల ఫీజులు, అనుబంధ కళాశాలల ఫీజులు, పరీక్ష ఫీజులు కలిపి విశ్వవిద్యాలయానికి సొంత ఆదాయం. గెస్ట్ ఫ్యాకల్టీకీ, రోజువారీ సిబ్బందికీ తరచు ఇందులోంచే ఇస్తారు. కోర్సులో పిల్లలు చేరితే పని ఉంటుంది. చేరకపోతే ఉండదు. ఇక్కడ చేరేవాళ్లు అనుభవం కోసం చేరడం మంచిదే. ఇదే ఎప్పటికైనా పర్మినెంటు అవుతుందన్న ఆశతో ఏళ్లకేళ్లు గడిపెయ్యడం మాత్రం మంచిది కాదు.

మూడో రకం ప్రాజెక్టు డబ్బు. కొత్తగా చదువు పూర్తయినవాళ్లకు అన్నిటికన్నా ముందు తెరుచుకునే తలుపు ఇదే. ఊళ్లలో దీని గురించే అతి తక్కువ తెలుసు.

ప్రాజెక్టు ఎలా పుడుతుందో చూద్దాం. ఒక ఆచార్యుడు ఒక సమస్యను ఎంచుకుంటాడు. ఎన్నేళ్లు పడుతుంది, ఎంతమంది కావాలి, ఎంత ఖర్చవుతుందని రాసి ఢిల్లీకి పంపుతాడు. శాస్త్ర సాంకేతిక శాఖ, భారత వైద్య పరిశోధన మండలి, సాంఘిక శాస్త్రాల పరిశోధన మండలి వంటివి ఆ ప్రతిపాదన చదువుతాయి. 2023 నాటి చట్టంతో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధనా ప్రతిష్ఠానం కూడా వీటిలో ఒకటి. నచ్చితే డబ్బు మంజూరు చేస్తాయి. ఆ డబ్బులోనే ఒకరిద్దరు సహాయకుల జీతం ఉంటుంది. జూనియర్ రిసెర్చ్ ఫెలో, ప్రాజెక్టు అసోసియేట్, ప్రాజెక్టు అసిస్టెంట్, ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ అని వీళ్లకు పేర్లు. ఎంపికకు పెద్ద పరీక్ష ఉండదు. విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ఒక పేజీ ప్రకటన పెడతారు. ఫలానా తేదీన సర్టిఫికెట్లతో రమ్మంటారు. ఆ రోజు వచ్చినవాళ్లలోంచే తీసుకుంటారు. ఆ ప్రకటన పేపర్లో రాకపోవచ్చు. వెబ్‌సైటు చూసే అలవాటు లేని ఇంటికి ఆ కబురే చేరదు.

ఈ ప్రాంతానికి పరిశోధన కొత్త కాదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నాడు. రెండు భాషలూ తెలిసిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఆ పని చేశాడు. ఆయన సవర భాషా వ్యాకరణ గ్రంథం 1931లో వెలువడింది. ఆయనకు ప్రాజెక్టూ లేదు, గ్రాంటూ లేదు. ఈ రోజుల్లో అదే పని తలపెడితే ప్రతిపాదనలో భాషా సహాయకుడికంటూ ఒక పోస్టు రాస్తారు. సీతంపేట కొండల్లో సవర మాట్లాడే ఇంట పుట్టి డిగ్రీ చదివిన కుర్రాడికి అది సరిగ్గా సరిపోయే పని.

స్థానిక భాష, స్థానిక జ్ఞానం విలువ ఇలాంటి పనుల్లోనే తెలుస్తుంది. ఉద్దానం సంగతి చూడండి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఏళ్లుగా వేధిస్తోంది. కారణం ఇదని ఇంతవరకు గట్టిగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇలాంటి జబ్బు మీద పరిశోధన అంటే ప్రయోగశాలలోనే జరిగేది కాదు. ఇంటింటికీ వెళ్లాలి. ఏ బావి నీళ్లు తాగుతారు, జీడితోటలో ఎన్ని గంటలు పనిచేస్తారు, నొప్పులకు ఏ మాత్ర వేసుకుంటారని అడగాలి. రక్తం, మూత్రం నమూనాలు తీసుకోవాలి. ఉద్దానం యాస వినగానే అర్థమయ్యే మనిషి అడిగితే వచ్చే జవాబు వేరు. హైదరాబాదు నుంచి వచ్చిన మనిషి అడిగితే వచ్చే జవాబు వేరు. అందుకే ఇలాంటి సర్వేల్లో స్థానికుల అవసరం ఎప్పుడూ ఉంటుంది.

వ్యవసాయ పరిశోధనలోనూ అంతే. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం గుంటూరు దగ్గర లాంలో ఉంది. దాని కొమ్మలు మాత్రం ఇక్కడ ఉన్నాయి. నైరలో వ్యవసాయ కళాశాల ఉంది. రాగోలు పరిశోధన స్థానంలో వరి వంగడాలు రూపొందుతాయి. ఆమదాలవలసలో గోగునార పంటల మీద పరిశోధన జరుగుతుంది. విజయనగరం పరిశోధన స్థానంలో చోడి మీద. వేగవతి అనే చోడి రకం అక్కడ పుట్టిందే. ఇలాంటి చోట్ల అఖిల భారత సమన్వయ పథకాలు నడుస్తాయి. వాటి ఖర్చులో 75 శాతం కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి పెడుతుంది, 25 శాతం రాష్ట్రం వైపు నుంచి వస్తుంది. కృషి విజ్ఞాన కేంద్రాలకైతే ఖర్చంతా కేంద్ర మండలిదే. ఆమదాలవలసలో ఒకటి, రస్తాకుంటుబాయిలో ఒకటి ఉన్నాయి. ఒక్కో కేంద్రానికి మామూలుగా 16 పోస్టులు మంజూరు చేస్తారు. వాటిలో శాస్త్రవేత్త అధిపతిగా ఒకరు, విషయ నిపుణులు ఆరుగురు. మిగిలిన తొమ్మిదీ ప్రోగ్రాం అసిస్టెంట్, ఫార్మ్ మేనేజర్, ఆఫీసు అసిస్టెంట్, స్టెనో, డ్రైవర్ వంటివి. పరిశోధన సంస్థ అంటే అందరూ శాస్త్రవేత్తలే అనుకుంటే ఆ తొమ్మిదీ కళ్లబడవు.

మళ్లీ మొదటి మాట దగ్గరకు వద్దాం. ప్రాజెక్టు పోస్టుకు జీతం ఎక్కడి నుంచి వస్తుంది? ప్రాజెక్టు నుంచి. కాబట్టి రెండేళ్ల ప్రాజెక్టు అయితే రెండేళ్లే. ఆ తర్వాత ఉద్యోగం అడిగే హక్కు ఉండదు. నియామక పత్రంలో ఆ మాట రాసే ఇస్తారు. మరి ఎందుకు చేరాలి? మూడు లాభాలున్నాయి. పరికరాల మీద చెయ్యి తిరుగుతుంది. వ్యాసం మీద పేరు పడుతుంది. కొన్ని ప్రాజెక్టుల్లో పనిచేస్తూనే పీహెచ్‌డీకి చేరవచ్చు. పైడిభీమవరం మందుల కంపెనీల్లో షిఫ్టుల్లో పనిచేసే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. కంపెనీ జీతం వదులుకుని ప్రాజెక్టుకు రావాలా వద్దా అన్నది ఇంటి పరిస్థితిని బట్టి ఉంటుంది. పీహెచ్‌డీ మీద నిజంగా మనసుంటే రావడమే మేలు. లేకపోతే వచ్చి లాభం లేదు.

ప్రాజెక్టుతో పనిలేకుండా డబ్బు అభ్యర్థి పేరునే వచ్చే దారి ఇంకొకటుంది. అది జాతీయ ఫెలోషిప్పు. నెట్ పరీక్షలో పై వరసలో నిలిచినవాళ్లకు జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్పు (జేఆర్‌ఎఫ్) ఇస్తారు. 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రేటు నెలకు 37,000 రూపాయలు. రెండేళ్లు పోయాక పని బాగుందంటే 42,000. ఇంటి అద్దె భత్యం వేరు. యూజీసీ నెట్ మామూలుగా ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. రెండు పేపర్లు, కలిపి 300 మార్కులు, మూడు గంటలు. తప్పు జవాబుకు మార్కులు కొయ్యరు. సాధారణ వర్గాల వారికి జేఆర్‌ఎఫ్ వయోపరిమితి 30 ఏళ్లు. ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థులకు, మహిళలకు ఐదేళ్ల సడలింపు ఉంది. భౌతిక, రసాయన, జీవ, గణిత, భూవిజ్ఞాన శాస్త్రాల వాళ్లు సీఎస్‌ఐఆర్ నెట్ రాయాలి. ఆ పరీక్షలో తప్పులకు కోత ఉంటుంది. ఈ తేడా తెలియక ఒకదానికి చదివిన పద్ధతిలోనే రెండోది రాసి నష్టపోయేవాళ్లున్నారు.

యూజీసీ నెట్‌లో మొదటి పేపరు అందరికీ ఒక్కటే. అది ఇంగ్లీషు, హిందీ మాధ్యమాల్లోనే ఉంటుంది. తెలుగు సాహిత్యం చదివినవాళ్లకు రెండో పేపరు తెలుగులో ఉంటుంది కాబట్టి సులువే. మొదటి పేపరు దగ్గరే ఇబ్బంది పడతారు. అందులో లెక్కల తర్కం, పట్టికల విశ్లేషణ, ఇంగ్లీషు గద్యం, కంప్యూటరు ప్రాథమిక విషయాలు ఉంటాయి. తెలుగు ఎంఏ అభ్యర్థి రోజులో సగం సమయం దీనికి పెట్టినా దండగ కాదు. గిరిజన విద్యార్థులకు ఇంకో తలుపు ఉంది. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ పీహెచ్‌డీ కోసం ఏటా 750 ఫెలోషిప్పులు ఇస్తుంది. అవి వీరికోసమే ప్రత్యేకించినవి. పార్వతీపురం, సీతంపేట వైపు కళాశాలల్లో ఈ మాట ఎంతమంది చెవిన పడిందో అధ్యాపకులు ఒకసారి అడిగి చూడాలి.

పరిశోధనకూ పాలనకూ నడుమ ఇంకో పని ఉంది. దాన్ని ఎవరూ ఉద్యోగంగా లెక్కపెట్టరు. ప్రాజెక్టు డబ్బు వచ్చాక దాన్ని ఖర్చుపెట్టాలి. చాలా కొనుగోళ్లు ప్రభుత్వ ఈ-మార్కెట్ పోర్టల్ ద్వారా జరుగుతాయి. దాని పేరు జెమ్. చెల్లింపులు కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ ఖాతాల వ్యవస్థలో నమోదు కావాలి. సంవత్సరం చివర డబ్బు ఎలా వాడారో వినియోగ ధ్రువపత్రం పంపాలి. అది వెళ్లకపోతే తర్వాతి విడత రాదు. విడత రాకపోతే పరిశోధకుడి జీతం ఆగుతుంది. ఆచార్యులకు రసాయన శాస్త్రం తెలుస్తుంది గానీ ఈ లెక్కలన్నీ తెలియాలని లేదు. బీకాం చదివి, ట్యాలీ, జీఎస్టీ, జెమ్ కొనుగోళ్లు తెలిసిన మనిషికి ప్రాజెక్టు అకౌంటెంటుగా, ఆఫీసు అసిస్టెంటుగా ఇక్కడ పని ఉంటుంది. విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ గుర్తింపు కోసం ఏళ్ల తరబడి లెక్కలు సమకూర్చే నాణ్యతా విభాగంలో కూడా ఇలాంటి మనుషులే కావాలి. ఈ పని కొన్నేళ్లు చేసినవాళ్లు ఏ విశ్వవిద్యాలయానికి వెళ్లినా నిలదొక్కుకోగలరు.

ఇక ప్రకటన చదవడం. ముందు పోస్టు పేరు పక్కన ఏముందో చూడండి. శాశ్వత పోస్టుకు పే లెవెల్ రాస్తారు. స్కేలు లేకుండా నెలకు ఇంత అని ఒకే మొత్తం రాస్తే అది తాత్కాలికం. ప్రాజెక్టు పోస్టుకు ప్రాజెక్టు శీర్షిక, డబ్బిచ్చే సంస్థ పేరు, ముగిసే తేదీ రాస్తారు. అవుట్‌సోర్సింగ్ అని ఉంటే జీతం ఇచ్చేది మధ్యలోని ఏజెన్సీ. ఈ నాలుగూ సరిచూస్తే జీతం ఎక్కడి నుంచో తేలిపోతుంది. తేలకపోతే రిజిస్ట్రార్ కార్యాలయానికి ఫోను చేసి అడగవచ్చు. అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

దళారుల మాట కూడా చెప్పుకోవాలి. విశ్వవిద్యాలయంలో అవుట్‌సోర్సింగ్ పోస్టు ఇప్పిస్తాం, రెండేళ్లలో పర్మినెంటు చేయిస్తాం అని డబ్బు అడిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ తగులుతారు. దరఖాస్తు రుసుము ఉంటే అది విశ్వవిద్యాలయం ఖాతాకే కట్టాలి. మనిషి చేతికి కాదు, మనిషి ఫోన్‌పే నంబరుకు కాదు. విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో లేని ప్రకటన వాట్సాప్‌లో ఎంత తిరిగినా నమ్మక్కర్లేదు. ఎకరా కుదువపెట్టి ఇలాంటివాళ్లకు ఇచ్చిన డబ్బు తిరిగి రావడం అరుదు.

చేరినవాళ్లకు ఒక జాగ్రత్త ఉంది. ప్రాజెక్టు ముగిసే నెలలో అందరూ నివేదికల హడావుడిలో ఉంటారు. అప్పుడు అనుభవ ధ్రువపత్రం అడగడం చాలామంది మర్చిపోతారు. ఆచార్యుడు పదవీ విరమణ చేసి వెళ్లిపోయాక దాన్ని సంపాదించడం మహా కష్టం. ఆ పత్రంలో ప్రాజెక్టు పేరు, డబ్బిచ్చిన సంస్థ, చేరిన తేదీ, ముగిసిన తేదీ, చేసిన పని వివరంగా ఉండాలి. ఆచార్యుడి సంతకంతో పాటు రిజిస్ట్రార్ కార్యాలయం ముద్ర కూడా ఉంటే మంచిది. తర్వాత శాశ్వత పోస్టుకు దరఖాస్తు చేసినప్పుడు పనిచేసిన కాలానికి మార్కులు వేసేది ఆ కాగితం చూసే. నియామక పత్రం, జీతం పడిన బ్యాంకు ఖాతా వివరాలు కూడా దానికి జతచేసి ఒకే ఫైల్లో ఉంచాలి.